ఎక్కువ భాగం దేనికి?

టామ్సిన్ పాస్కోకి వాన అంటే ఇష్టమే. తన ఆఫీసు మెట్టుకి అడ్డంగా, వెనక సామాన్లు వేసుకునే యూట్ బండిని బురదతో సహా ఆపి వానలో తీరిగ్గా దిగే మగవాళ్ళంటే మాత్రం ఇష్టం లేదు.

ఆ గురువారం కార్నిష్ ఫ్లాట్ ఊరి మెయిన్ స్ట్రీట్‌లో అలా దిగినవాడు పొడుగ్గా, కాస్త వంగి ఉన్నాడు. చంకలో నీలం రంగు ఐసు పెట్టె. వెనకే తడిసి ముద్దయిన గోధుమరంగు కుక్క. ఇద్దరూ ఒకేసారి లోపలికొచ్చి, ఒకేసారి ఒళ్ళు దులుపుకున్నారు.

"బండి అక్కడ పెట్టకూడదండీ," అంది టామ్సిన్.

"తెలుసండీ. పెట్టె బరువు."

"లోన్ పెట్టెకి కావాలా, మీకు కావాలా?"

"ఇద్దరికీ," అంటూ అతను పెట్టె మూత తీశాడు.

ఆ తీయడమే పొరపాటు. ఎన్నాళ్ళగానో ఉతకని మేజోళ్ళని గొర్రెల దొడ్లో ఆరేసినట్టు ఒక వాసన గదంతా పరుచుకుంది. అవతలి బల్ల దగ్గర కూర్చున్న బెవ్ పిన్ని మారు మాట్లాడకుండా లేచి, అంత వానలోనూ కిటికీ తెరిచింది. బెవ్ పిన్ని టామ్సిన్ వాళ్ళమ్మకి చెల్లెలు. ఊళ్ళో ఎవరికి లోన్ కావాలన్నా సరైన బ్యాంకు చూసిపెట్టే ఈ రెండు బల్లల ఆఫీసు ఆవిడదే.

"ఏమిటది?" అంది టామ్సిన్ ముక్కు మూసుకుని.

"నా ఆదాయం," అన్నాడతను కాస్త నొచ్చుకుంటూ. "గొర్రెపాల చీజ్. ఆదాయానికి రుజువు తెమ్మన్నారు కదా ఫోన్‌లో. నా పేరు హేమిష్ రిగెట్టి. రిసీట్, కూర్చో."

కుక్క కూర్చుంది.

"కుక్క పేరు రిసీటా?"

"గొర్రెల్ని తోలుతుందండీ, కాబట్టి వ్యాపార ఖర్చే. ఏటా జూన్‌లో మా అకౌంటెంట్ రిసీట్ ఉందా అని అడుగుతాడు. ఉంది, బయట కట్టేశానంటాను."

బెవ్ పిన్ని కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంది. టామ్సిన్ ఆపుకోలేదు గానీ, ఆ నవ్వుని వెంటనే దగ్గుగా మార్చేసింది.

ఆ ఊళ్ళో సొంత పని చేసుకునే ప్రతి మగాడికీ ఉన్న జబ్బే అది. జూన్ నెలాఖరున పన్ను లెక్కలు దగ్గరపడితే చాలు, కాళ్ళకున్న బూట్లు, జేబులో ఫోను, తాగే కాఫీ, అన్నీ వ్యాపారం కోసమే అనిపిస్తుంది వాళ్ళకి. నాలిక అలా అలవాటు పడిపోయి, ఏడాది పొడుగునా అదే పాట పాడుతుంది. హేమిష్‌ది ఆ జబ్బులో ముదిరిన కేసు.

అతనికి కావలసింది చర్చి ఎదురుగా ఉన్న పాత బ్యాంకు మేడ. బ్యాంకు వాళ్ళు ఆ బ్రాంచి మూసేసి చాలా కాలమైంది. ముందు పెద్ద హాలు, హాలు పక్కన ఇనుప తలుపుల ఖజానా గది, వెనకా పైనా ఒకప్పుడు మేనేజరు కుటుంబం ఉండే ఇల్లు. ఆఖరి మేనేజరు భార్య మిసెస్ ట్రెలోర్ దాన్ని అప్పట్లోనే కొనేసుకుంది. ఇప్పుడు మోకాళ్ళు మెట్లెక్కనివ్వక అమ్మేస్తోంది. లోన్ దొరికితేనే కొంటాను, లేకపోతే లేదు అని హేమిష్ షరతు రాయించుకున్నాడు. ఆ షరతుకి గడువుంది. మెల్‌బోర్న్ నుంచి ఇంకెవరో ఆ మేడని వారాంతాల్లో వచ్చేవాళ్ళకి అద్దెకిద్దామని చూస్తున్నారు. గడువు దాటితే మేడ వాళ్ళదే.

"ఖజానా గది గోడలు ఇంత మందం," అని హేమిష్ చేతులు చాపి చూపించాడు. "ఎండాకాలంలో కూడా లోపల చల్లగా ఉంటుంది. బ్యాంకు వాళ్ళు డబ్బు దాచారు, నేను చీజ్ దాస్తాను. డబ్బు అక్కడ ముసలిదైతే విలువ తగ్గుతుంది, చీజ్ ముసలిదైతే విలువ పెరుగుతుంది."

టామ్సిన్ కలం తీసింది. "ఒక్క ప్రశ్న. దీని మీదే అన్నీ ఆధారపడతాయి, ఆలోచించి చెప్పండి. ఈ అప్పు ఎక్కువ భాగం దేనికి? ఉండడానికా, వ్యాపారానికా?"

"వ్యాపారానికే. అంతా వ్యాపారానికే."

"ఆలోచించమన్నాను."

"ఆలోచిస్తే మారుతుందా?"

"మారితే చాలా మారుతుంది. ఇంటి కోసం తీసుకునే అప్పుకి వినియోగదారుల రుణ చట్టం కాపలా ఉంటుంది. ఇచ్చేవాడు మీరు తీర్చగలరో లేదో ముందే చూసి మరీ ఇవ్వాలి. రేపు మీకు ఒంట్లో బాగోక కట్టలేకపోతే, కాస్త ఊపిరి తీసుకోనివ్వండి అని అడిగే హక్కు మీకుంటుంది. వ్యాపారం కోసం తీసుకుంటే ఆ చట్టం మీవైపు తిరిగి చూడదు."

"చిన్న వ్యాపారమైనా?"

"మీది ఎంత చిన్నదైనా."

"కానీ మేడ కదండీ. గోడలు, కప్పు, కిటికీలు, అన్నీ ఇంటికున్నట్టే ఉంటాయి."

"అందరూ అక్కడే బోల్తా పడతారు. చట్టం గోడల్ని చూడదు, అప్పు ఎందుకో చూస్తుంది. సగం కంటే ఎక్కువ దేనికైతే అదే లెక్క."

"సరిగ్గా సగం సగమైతే?"

"సరిగ్గా సగం సగం అని చెప్పిన మనిషి ఇంతవరకూ నిజం చెప్పలేదు," అంది టామ్సిన్.

హేమిష్ ఆమెని కాసేపు చూశాడు. కళ్ళు బూడిదరంగులో ఉన్నాయి, వాటి కింద కలం సిరా మరక ఒకటుంది, ఆ సంగతి ఆమెకి తెలీదు. "వ్యాపారానికే," అన్నాడు మళ్ళీ, ఈసారి కొంచెం మెల్లగా.

వెళ్ళేటప్పుడు ఒక చీజ్ ముక్క బల్ల మీద వదిలి వెళ్ళాడు. టామ్సిన్ దాన్ని రెండు కవర్లలో చుట్టి, ఫ్రిజ్‌లో అట్టడుగున పెట్టి, సాయంత్రం రుచి చూసింది. తర్వాత ఎందుకో ఇంకో ముక్క కోసుకుంది.

*

ఇచ్చిన జాబితాలో ఉన్న కాగితాలన్నీ ఒకేసారి తేవచ్చు. హేమిష్ తేలేదు. ఒక గురువారం పన్ను కాగితం తెచ్చాడు. పై గురువారం డ్రైవింగ్ లైసెన్సు తెచ్చాడు. ఆ పై వారం, లైసెన్సు వెనకవైపు కూడా కావాలేమో అని మళ్ళీ తెచ్చాడు.

"తల్లీ," అంది బెవ్ పిన్ని, అతను వెళ్ళాక టీలో బిస్కెట్టు ముంచుతూ, "నేను ఈ పనిలో తల నెరిపాను. లైసెన్సు వెనకవైపు చూపించడానికి పొలం నుంచి బండి వేసుకొచ్చినవాణ్ణి ఇతన్నే చూశాను."

"జాగ్రత్త గల మనిషి పిన్నీ."

"అవునవును. అంత జాగ్రత్తగా నీ మొహం చూసుకోడానికొచ్చాడు. వచ్చే వారం నువ్వు పెదాలకి రంగేసుకుని రాకు, పాపం కాగితాలు చదవలేకపోతున్నాడు."

"నేను మామూలుగానే వేసుకుంటాను."

"నిరుడు క్రిస్మస్‌కి వేసుకున్నావు," అని బెవ్ పిన్ని బిస్కెట్టు తినేసింది.

ఆ మధ్యలో ఒకరోజు మేడ చూడడానికి వెళ్ళారు టామ్సిన్, హేమిష్. చూడనక్కర్లేదు నిజానికి. ఏదో ఒకటి చూస్తే దరఖాస్తులో బాగా రాయొచ్చు అని టామ్సిన్ తనకి తాను చెప్పుకుంది.

హాలు చూపించడానికి హేమిష్‌కి ఎంతోసేపు పట్టలేదు. "ఇది కొట్టు," అన్నాడు. ఖజానా గది ముందు కాస్త నిలబడ్డాడు. "ఇది చీజ్," అన్నాడు. ఆ తర్వాత మెట్లెక్కాడు, ఇక దిగితే ఒట్టు.

పైన వంటగది కిటికీ తూర్పుకి ఉంది. పొద్దున టీ ఇక్కడ తాగొచ్చు అన్నాడు. మధ్య గోడ తీసేస్తే వెలుగొస్తుంది అన్నాడు. పాత స్నానాల తొట్టి తుడిచి చూపించి, సింహం కాళ్ళున్నాయి చూడు అన్నాడు. వెనక వరండా చెక్కలు కొన్ని పుచ్చాయి, అవి మార్చాలి, అక్కణ్ణుంచి కొండ దాకా కనిపిస్తుంది అన్నాడు.

"ఒక సంగతి చెప్పు టామ్సిన్. ఆడవాళ్ళకి స్నానాల తొట్టి కిటికీ పక్కనుంటే ఇష్టమా, గోడ పక్కనుంటే ఇష్టమా?"

టామ్సిన్ చేతిలోని కొలత టేపు టక్కున వెనక్కి చుట్టుకుంది. "ఏ ఆడవాళ్ళకి?"

"మామూలుగా. ఆడవాళ్ళకి."

"కిటికీ పక్కన," అంది టామ్సిన్. "కానీ ఎదురింటివాళ్ళకి కనపడకూడదు."

"ఎదురుగా చర్చి."

"అయితే మరీ కనపడకూడదు."

అతను నవ్వి గోడ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాడు. వరండాలో రెండు పాత కుర్చీలు పక్కపక్కనే ఉన్నాయి, అప్పుడే తుడిచినట్టు శుభ్రంగా. టామ్సిన్ వాటిని చూసింది. ఒక కుర్చీ అయితే ఏమీ అనిపించేది కాదు.

అతనికెవరో ఉన్నారు. ఇంటికి వెళ్ళేదాకా ఆమె బుర్రలో అదే తిరిగింది. ఎవరో పొద్దున తూర్పు కిటికీ దగ్గర టీ తాగబోతోంది, ఎవరో సింహం కాళ్ళ తొట్టిలో స్నానం చేయబోతోంది. ఆవిడకి చీజ్ వాసన పడుతుందో లేదో. నాకేమిటి, అనుకుంది. ఆ రాత్రి ఫ్రిజ్‌లో మిగిలిన చీజ్ ముక్కని కోపంగా తినేసింది.

*

గడువు దగ్గరపడింది. సిడ్నీలోని ఒక అప్పుల కంపెనీ ఒప్పుకుంది. వడ్డీ కాస్త ఎక్కువ, కానీ వారం తిరక్కుండా డబ్బు చేతికిస్తామన్నారు. ఒకే ఒక్క షరతు. ఈ అప్పు పూర్తిగాగానీ, ఎక్కువ భాగంగానీ వ్యాపారానికే అని హేమిష్ సంతకం పెట్టాలి.

టామ్సిన్ ఆ కాగితం బల్ల మీద పెట్టింది. హేమిష్ కలం తీశాడు. రిసీట్ బల్ల కింద పడుకుని ఆమె బూటు మీద గడ్డం ఆనించింది.

"ఆగు," అంది టామ్సిన్. "పైన ఎవరుంటారు?"

కలం ఆగింది. "ఎందుకు?"

"ఆ రోజు కింద ఎంతసేపున్నాం, పైన ఎంతసేపున్నాం? మొన్న నువ్వు పంపిన మరమ్మతు అంచనాలో వంటగది ఉంది, తొట్టి ఉంది, వరండా ఉంది. కొట్టుకి ఒక అలమరా, ఖజానాకి ఒక ఫ్యాను. ఎక్కువ భాగం దేనికి హేమిష్?"

"వ్యాపారానికి అని రాస్తే వారంలో పనైపోతుందన్నావు కదా."

"నిజమైతే. అబద్ధమైతే నేను పెట్టించను. ఇంకో సంగతి కూడా విను. నువ్వు ఉండడానికి కొంటున్నావని నాకు తెలిసీ ఈ సంతకం పెట్టిస్తే ఆ కాగితం చెల్లదు, తప్పు నాదవుతుంది. తెలిశాక తెలీనట్టు ఉండలేను."

"నీకేం తెలుసని?"

"నీకెవరో ఉన్నారని తెలుసు." గొంతు మామూలుగా ఉంచుదామనుకుంది, ఉండలేదు. "ఆవిడ ఉండబోయే ఇంటిని కొట్టు అని రాసిస్తావు. రేపు నీకు నడుం విరిగితే, గొర్రెలకి జబ్బొస్తే, ఆవిణ్ణి రోడ్డు మీద నిలబెడతావు. ఆవిడకి చెప్పావా అసలు?"

హేమిష్ కలం దించాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఆవిడకి ఇంకా చెప్పలేదు," అన్నాడు చివరికి.

ఆ మాట టామ్సిన్‌కి గుచ్చుకుంది. అయినా చెప్పవలసింది చెప్పేసింది.

"మా నాన్నకి పాలూ రొట్టే అమ్మే మిల్క్ బార్ కొట్టు ఉండేది, రైల్వే గేటు దగ్గర. ఇంటి కప్పు కారిపోతుంటే, ఇల్లు బాగు చేసుకోడానికి అప్పు తీసుకున్నాడు. ఇక్కడ వ్యాపారానికి అని సంతకం పెట్టు గురూ, తొందరగా అవుతుంది అన్నాడొకాయన. నాన్న పెట్టాడు. తర్వాత నాన్నకి నడుం పోయింది. కొన్నాళ్ళు ఆగమని అడగడానికి వెళ్తే, ఇది వ్యాపారపు అప్పు, మీకా హక్కు లేదన్నారు. నాన్నకి ఆ కాగితం మీద పోట్లాడొచ్చని కూడా తెలీదు. ఇల్లు పోయింది. కొత్త కప్పుతో సహా."

బెవ్ పిన్ని చాలాసేపటి నుంచి ఒకే పేజీ చదువుతోంది.

హేమిష్ కలం మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "నాకు కాస్త టైం ఇవ్వు," అన్నాడు.

"టైం నా దగ్గర లేదు. గడువు సోమవారం."

అతను తలూపి, రిసీట్‌ని పిలిచి వెళ్ళిపోయాడు. ఆ రోజు చీజ్ ముక్క పెట్టలేదు. కుక్క మాత్రం తలుపు దగ్గర ఆగి ఒకసారి వెనక్కి చూసింది.

"ఇంకెక్కడో సంతకం పెట్టేస్తాడు పిన్నీ," అంది టామ్సిన్. "ఇంటర్నెట్‌లో ఎవడో ఒకడు పెట్టించుకుంటాడు."

"పెట్టేస్తే నీకేమిటి బాధ? మేడ పోతుందనా, ఆ పిల్ల గురించా?"

టామ్సిన్ సంతకం లేని కాగితాన్ని ఫైల్లో పెట్టేసింది. అతను అబద్ధం రాస్తే బాధ, రాయకపోతే మేడ పోతుందని బాధ, మేడ దక్కితే అందులో ఇంకెవరో ఉంటారని బాధ. ఎటు తిరిగినా గోడే.

*

శనివారం ఊళ్ళో ఫుట్‌బాల్. మైదానం చుట్టూ కార్లన్నీ ముక్కులు లోపలికి పెట్టుకుని నిలబడ్డాయి. వాన రోజున ఎవరూ దిగరు. కార్లలోనే కూర్చుని, అద్దాలు తుడుచుకుంటూ, మాంసం కూరిన పైలు తింటూ ఆట చూస్తారు. మన జట్టు గోల్ కొడితే అందరూ ఒక్కసారి హారన్లు మోగిస్తారు. గోల్‌కి తప్ప హారన్ మోగించకూడదు. అది ఎక్కడా రాసి లేదు గానీ, కార్నిష్ ఫ్లాట్‌లో పుట్టిన పిల్లలకి నడక కంటే ముందు వచ్చే మర్యాద అదే. ఒకసారి ఎవరో పొరపాటున మోచెయ్యి తగిలించి మోగిస్తే, ఏడాదిపాటు ఊరంతా ఆయన్ని ఏడిపించింది.

బెవ్ పిన్ని క్యాంటీన్‌లో పైలు అమ్మడానికి వెళ్ళింది. ఆవిడ కారులో టామ్సిన్ ఒక్కతే కూర్చుంది. పక్కన ఖాళీగా ఉన్న చోట్లోకి బురద యూట్ ఒకటి వచ్చి ఆగింది. ఈసారి ఎవరి మెట్టుకీ అడ్డంగా లేదు.

హేమిష్ అద్దం దించాడు. "ఒకసారి ఇటు వస్తావా? నేను రావచ్చు గానీ, రిసీట్ తడిసిపోయింది, పిన్నిగారి సీట్లు పాడవుతాయి."

టామ్సిన్ వెళ్ళి యూట్‌లో కూర్చుంది. మధ్యలో కుక్క. మునుపు భరించలేకపోయిన చీజ్ వాసన ఇప్పుడు హాయిగా ఉంది, అది ఆమెకి నచ్చలేదు.

"ఎక్కడైనా సంతకం పెట్టేశావా?"

"లేదు."

"అయితే మేడ పోయినట్టే."

"పోలేదు. నిన్న మిసెస్ ట్రెలోర్ దగ్గరికెళ్ళాను. వ్యాపారపు అప్పు తీసుకోను, ఇంటి అప్పే తీసుకుంటాను, దానికి ఇంకొన్ని వారాలు పడుతుంది, గడువు పెంచమని అడిగాను. ఎందుకు మార్చుకున్నావంది. చెప్పాను. రాత్రే లాయరుతో కాగితం రాయించి పంపింది."

"ఏం చెప్పావు?"

హేమిష్ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే మన జట్టు గోల్ కొట్టింది. మైదానమంతా హారన్లు మోగిపోయాయి. హేమిష్ కూడా పళ్ళు బిగించి హారన్ నొక్కాడు. నొక్కకపోతే అవతలి ఊరివాడనుకుంటారు.

మోత తగ్గింది. "చెప్పు," అంది టామ్సిన్.

"మొదటిరోజు నేను చెప్పింది అబద్ధం కాదు. అప్పుడు నిజంగా అంతా వ్యాపారానికే. ఒక్కణ్ణి కదా, ఖజానా పక్కన మంచం వేసుకుంటే చాలు. పైన అట్టపెట్టెలు పెట్టుకుందామనుకున్నాను." అతను ఆట వంకే చూస్తున్నాడు. "తర్వాత లైసెన్సు తేవడానికి వచ్చాను. దాని వెనకవైపు చూపించడానికి వచ్చాను. అలా వస్తుంటే పైన వంటగది వచ్చింది, కిటికీ వచ్చింది, రెండో కుర్చీ వచ్చింది. నువ్వు ఎక్కువ భాగం దేనికి అని అడిగినప్పుడల్లా నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అది నా ఒక్కడి చేతిలో లేదు. నువ్వుంటే ఇల్లు. నువ్వు లేకపోతే కొట్టు."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, అలా ఉంది అతని పని. అడగని పిల్ల కోసం తొట్టి ఏ వైపు పెట్టాలో గుర్తులు గీసుకున్నాడు.

ఇన్నాళ్ళుగా టామ్సిన్ ఏ ఆడదాని మీద కోపంగా ఉందో, ఆ ఆడది తనే.

"ఆవిడకి ఇంకా చెప్పలేదన్నావే."

"అప్పటికి చెప్పలేదుగా."

"ముందు మిసెస్ ట్రెలోర్‌కి చెప్పావు."

"ఆవిడని అడగడం తేలిక. ఆవిడ కాదంటే మేడే పోతుంది." అతను మొదటిసారి తల తిప్పి ఆమె వైపు చూశాడు. "ఆవిడ ఏమందో తెలుసా? పెళ్ళయిన కొత్తలో ఆ వరండాలోనే కూర్చునేదాన్ని, వారాంతపు అతిథులు కూర్చోవడం నాకూ ఇష్టం లేదు, కానీ ముందు ఆ పిల్లని అడుగు బాబూ, నన్ను కాదు, అంది."

"మరి అడగవేం?"

"అడుగుతున్నాను. నువ్వు కాదన్నా నిజం ఇదే కాబట్టి ఆ సంతకం మాత్రం పెట్టను. మేడ మిగిలితే మిగులుతుంది, లేకపోతే లేదు. నువ్వు చెప్పిన మీ నాన్నగారి సంగతి నిన్నంతా నా బుర్రలోనే ఉంది. అలాంటి కాగితం మీద నిలబడ్డ ఇంట్లోకి నిన్ను రమ్మనలేను."

రిసీట్ ఇద్దరి మధ్య తల అటూ ఇటూ తిప్పి, విసుగొచ్చి టామ్సిన్ ఒళ్ళో పడుకుంది.

టామ్సిన్ అద్దంలోంచి బయటికి చూసింది. బంతి ఎక్కడో అవతలి మూల బురదలో ఉంది. రెండు జట్లూ దాని చుట్టూ మూగి తోసుకుంటున్నాయి. గోల్ మాట అటుంచి, బంతి ఎవరికీ కనపడడం లేదు.

ఆమె కుక్క మీదుగా వంగి, స్టీరింగు మధ్యలో అరచెయ్యి పెట్టి, గట్టిగా, చాలాసేపు హారన్ నొక్కింది.

మైదానంలో ఆటగాళ్ళు ఆగిపోయారు. చుట్టూ ఉన్న కార్లన్నిటిలోనూ తలలు ఇటు తిరిగాయి. అద్దాలు తుడిచి మరీ చూశారు. రిఫరీ విజిల్ నోట్లోంచి తీసి ఈ యూట్ వైపే చూస్తున్నాడు.

"టామ్సిన్," అన్నాడు హేమిష్ భయంగా, "గోల్ ఎవరూ కొట్టలేదు."

"తెలుసు," అని ఆమె అతని చెయ్యి పట్టుకుంది. అతని అరచెయ్యి చల్లగా, ఉప్పు పట్టి గరుకుగా ఉంది. ఎంతో కాలంగా పట్టుకుంటున్నట్టే అనిపించింది.

క్యాంటీన్ ఏప్రన్‌తోనే, గొడుగు వేసుకుని, బెవ్ పిన్ని బురదలో టపటపా నడుచుకుంటూ వచ్చింది. అద్దం మీద వేలితో కొట్టింది.

"ఎవరే మోగించింది? ఊరంతా నా వైపు చూస్తోంది. వీడేనా?"

"నేనే పిన్నీ."

"నువ్వా? నీకు చిన్నప్పుడే నేర్పించాం కదే."

టామ్సిన్ చెయ్యి వదల్లేదు. "పిన్నీ, సోమవారం నుంచి హేమిష్ ఫైలు నువ్వు చూడాలి. ఇంటి అప్పే. అన్నీ సరిగ్గా చూసి ఇచ్చే బ్యాంకు దగ్గర పెట్టు, నిదానమైనా పరవాలేదు, గడువు పెరిగింది. నేను మాత్రం ఇక ఆ ఫైలు ముట్టుకోకూడదు."

"ఎందుకు ముట్టుకోకూడదు?"

"ఆ ఇంట్లో ఉండబోయేది నేను కాబట్టి."

బెవ్ పిన్ని గొడుగు కింద నిలబడి ఇద్దరినీ చూసింది. వాళ్ళ చేతులు చూసింది, కుక్కని చూసింది. ఆవిడ కళ్ళు తడిశాయి, వాన చినుకే అన్నట్టు ముంజేత్తో తుడుచుకుంది.

"బాబూ," అంది హేమిష్‌తో, తన వృత్తి గొంతు తెచ్చుకుని, "నేను కొత్తగా చూస్తున్నాను కాబట్టి మళ్ళీ అడగాలి. ఎక్కువ భాగం దేనికి?"

"ఉండడానికండీ," అన్నాడు హేమిష్. ఈసారి ఆలోచించాల్సిన పని లేకపోయింది.